జర్మనీకి వెళ్లే పిల్లలకు ఆదివారం గురించి కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ చదువుల పేజీలో జర్మనీ గురించి తరచూ రాస్తున్నారు. మన చదువు పత్రాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలి, వీసా కోసం అక్కడి ఖర్చుల డబ్బు ముందే వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్‌లో ఎంత వేయాలి, ఏ కోర్సుకు ఏ యూనివర్సిటీ మంచిది... అన్నీ పనికొచ్చే సంగతులే. కానీ క్లాసు అయ్యాక సాయంత్రం ఏం చేయాలి, ఆదివారం ఎలా గడపాలి అన్నదాని మీద ఒక్క ముక్క కనపడదు. బెంగళూరులో బీటీఎం, మారతహళ్లి పీజీల్లో ఉండి జర్మన్ నేర్చుకునే మన అనంతపురం, చిత్తూరు, కర్నూలు పిల్లల ప్రశ్నలూ వీసా దగ్గరే ఆగిపోతున్నాయి. అక్కడికెళ్లాక డబ్బు పోయేదీ, జరిమానా పడేదీ, మనసు చిన్నబోయేదీ ఎక్కువగా క్లాసు బయటే. ఆ సంగతులు కొన్ని మీ పాఠకుల కోసం రాస్తున్నాం.

ముందు కాలం సంగతి. మన పిల్లలు ఎక్కువమంది వెళ్లేది వింటర్ సెమిస్టర్‌కు. చాలా యూనివర్సిటీల్లో అక్టోబరు మధ్యలో క్లాసులు మొదలవుతాయి. ఆ నెల ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మనకూ వాళ్లకూ మూడున్నర గంటలున్న తేడా నాలుగున్నర అవుతుంది. డిసెంబరులో బెర్లిన్‌లో ఎనిమిది దాటితే గానీ తెల్లవారదు, నాలుగు కాకముందే పొద్దుగుంకుతుంది. బెంగళూరులో ఎంత చలికాలమైనా పదకొండు గంటలకు పైగా పగలుంటుంది కాబట్టి ఈ తేడా ఇక్కడ కూర్చుని ఊహకు అందదు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు అడ్రసు నమోదు, ఆపైన బ్యాంకు, ఇన్సూరెన్సు, వీసా పొడిగింపు అంటూ తిరిగేసరికి నవంబరు వచ్చేస్తుంది. తెల్లవారకముందు బయల్దేరి, చీకటి పడ్డాక గదికి చేరడమే పనవుతుంది. అబ్బాయి ఫోన్లో డీలాగా మాట్లాడితే బద్ధకమనుకుని ఇక్కణ్నుంచి కోప్పడతారు. నిజానికి అతనికి కావలసింది వెలుతురు. మధ్యాహ్నం క్లాసుల మధ్య అరగంట బయట నడవాలి, మబ్బు పట్టి ఉన్నా సరే. అక్టోబరు నుంచి మార్చి దాకా అక్కడి ఎండతో ఒంట్లో విటమిన్ డి సరిపడా తయారు కాదు. రక్తపరీక్ష చేయించుకుని డాక్టరు చెప్పిన మోతాదే వేసుకోవాలి, ఇక్కణ్నుంచి పెద్ద డోసు మాత్రలు డబ్బాలకొద్దీ కట్టి పంపకండి.

ఇక ఆదివారం. బెంగళూరులో ఆదివారమంటే మాల్, సినిమా, రాత్రి పదకొండింటికి ఫోన్లో నొక్కినా పది నిమిషాల్లో గుమ్మం ముందుకొచ్చే పాలపాకెట్. జర్మనీలో ఆదివారాలు, ప్రభుత్వ సెలవు రోజుల్లో సూపర్ మార్కెట్లు చట్టప్రకారం మూసి ఉంటాయి. పెద్ద రైల్వే స్టేషన్లలోని దుకాణాలు, పెట్రోలు బంకుల్లోని చిన్న షాపులు, కాసేపు బేకరీలు తెరుస్తారు గానీ స్టేషన్లలో, బంకుల్లో ధరలెక్కువ. శనివారం సాయంత్రానికే పాలు, పెరుగు, కూరగాయలు తెచ్చి పెట్టుకోవాలి. బవేరియాలో ఆ సాయంత్రం కూడా ఎనిమిదికే కట్టేస్తారు. క్రిస్మస్ అప్పుడు ఇంకా ఇబ్బంది. 24న మధ్యాహ్నం రెండింటిలోపు మూత, 25, 26 సెలవులు. 2026లో ఆ రెండూ శుక్ర, శనివారాలు, మర్నాడు ఆదివారం. గురువారం మధ్యాహ్నానికి సరుకులు తెచ్చుకోని విద్యార్థి సోమవారం దాకా స్టేషన్ దుకాణాల మీద బతకాలి. మెన్సా అని పిలిచే యూనివర్సిటీ క్యాంటీన్ కూడా ఆ రోజుల్లో ఉండదు.

జ్వరం ఆదివారమే వస్తుందని మన పెద్దవాళ్లు ఊరికే అనరు. పారాసిటమాల్ సూపర్ మార్కెట్లో అమ్మరు, మందుల షాపులోనే కొనాలి. ఆదివారాలు, రాత్రుళ్లు మందుల షాపులు వంతులవారీగా తెరుస్తారు. ఆ రోజు వంతు ఎవరిదో మూసి ఉన్న షాపు తలుపు మీద రాసి ఉంటుంది. డాక్టరు కావాలి గానీ ప్రాణం మీదికి రాలేదంటే 116117కు, అత్యవసరమైతే 112కు ఫోన్ చేయాలి. ఈ రెండు నంబర్లూ విమానం ఎక్కకముందే ఫోన్లో వేసుకోవాలి.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా, ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదు. గోడకు మేకు కొట్టడం, ఖాళీ గాజుసీసాలు వీధి డబ్బాలో వేయడం, రాత్రి పదిన్నరకు మిక్సీలో పల్లీ చట్నీ తిప్పడం... ఏది చేసినా పక్కింటివాళ్లు ఊరుకోరు. మొదట తలుపు తట్టి చెబుతారు, తర్వాత ఇంటి ఓనరుకు ఉత్తరం రాస్తారు. ఇడ్లీపిండి శనివారం పగలే రుబ్బుకోవాలి. చలికి పిండి పులవకపోతే గిన్నెను ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వేడి చేయకుండా లోపలి దీపం మాత్రం వెలిగించి వదిలితే పొద్దుటికి పొంగుతుంది.

వంటింటి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. అక్కడ పొయ్యిలు ఎక్కువగా కరెంటువి, గాజు పలక ఉండేవి. వాటిలో ఇండక్షన్ రకం మీద అల్యూమినియం కుక్కర్ అసలు వేడెక్కదు. ఇక్కడ కొనేటప్పుడే అడుగున అయస్కాంతం అంటుకుంటుందో లేదో చూడాలి, అడుగు చదునుగా ఉండాలి. కరెంటు ఇక్కడిలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కాబట్టి మన మిక్సీ పనిచేస్తుంది. మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గే అక్కడి సాకెట్లో పట్టదు. ఎర్త్ ఉన్న అడాప్టర్ కావాలి, రెండు పిన్నుల చౌకరకం ఫోన్ చార్జర్లకే పరిమితం.

హాస్టల్ వంటగదిలో అసలు గండం తాలింపు. ఎండుమిర్చి మాడి పొగ లేవగానే, ఘాటు పోతుందని కారిడార్ తలుపు తెరుస్తారు. చేయకూడనిది అదే. పొగను పట్టే పరికరం కారిడార్‌లో ఉంటుంది. కొన్ని హాస్టళ్లలో అది మోగితే నేరుగా అగ్నిమాపక దళానికి కబురు వెళుతుంది, ఉత్తి పుణ్యానికి వచ్చినందుకు బిల్లు కూడా వేయొచ్చు. తాలింపు వేసేముందు కారిడార్ తలుపు మూసి, కిటికీ తెరిచి, పైన ఫ్యాన్ వేసి, నూనె మరీ కాగకముందే ఆవాలు వేసి మూత పెట్టాలి. మిరపకాయ చివర్లో వేయాలి.

సామాను సర్దేటప్పుడు ఇంకో మాట. పాలతో, మాంసంతో చేసినవి మన దేశం నుంచి ప్రయాణికుల పెట్టెల్లో యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. అమ్మ కాచిన నెయ్యి, పాలకోవా, కోడిపచ్చడి దొరికితే కస్టమ్స్‌వాళ్లు తీసి పారేస్తారు. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. ఆవకాయకు అడ్డు లేదు, నూనె కారకుండా కట్టుకుంటే చాలు. కందిపప్పు, సోనామసూరి, చింతపండు పెద్ద ఊళ్లలోని ఆసియా దుకాణాల్లో ఉంటాయి, కొత్తిమీర, బెండకాయ, బకెట్లలో పెరుగు టర్కీవాళ్ల దుకాణాల్లో దొరుకుతాయి. 23 కిలోల పెట్టెను బియ్యంతో నింపడం దండగ.

ఎవరూ చెప్పనిది కిటికీ సంగతి. చలికి భయపడి నెలలపాటు మూసే ఉంచుతారు, లోపలే అన్నం వండుతారు, బట్టలూ అక్కడే ఆరేస్తారు. ఆవిరంతా చల్లటి గోడ మూలల్లో, బీరువా వెనక చేరి నల్లబూజు పడుతుంది. కొందరు కిటికీ పైభాగాన్ని కొద్దిగా వంచి రోజంతా వదిలేస్తారు. దానివల్ల గాలి మారేది తక్కువ, కిటికీ చుట్టూ గోడ చల్లబడి బూజు ఇంకా పెరుగుతుంది, హీటర్ ఖర్చూ పెరుగుతుంది. రోజుకు రెండు మూడుసార్లు హీటర్ తగ్గించి, కిటికీలు బార్లా తెరిచి, ఐదు పది నిమిషాల్లో మూసేయాలి. వండాక, స్నానం చేశాక తప్పకుండా తెరవాలి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోతకు ఈ బూజే పెద్ద కారణం. అడ్వాన్సు గరిష్ఠంగా మూడు నెలల అద్దె, అదీ హీటింగు లాంటి అదనపు ఖర్చులు కలపకుండా లెక్కేసిన అద్దె.

సాయంత్రాలకు మంచి దారి యూనివర్సిటీ ఆటల విభాగం. బ్యాడ్మింటన్, వాలీబాల్, ఈత, డ్యాన్స్, కొండలెక్కడం, యోగా అన్నీ ఉంటాయి. విద్యార్థులకు ఫీజు బయటి జిమ్ముతో చూస్తే నామమాత్రం. చిక్కల్లా బుకింగ్‌తోనే. సెమిస్టర్ మొదట్లో ఒక నిర్ణీత రోజున, నిర్ణీత గంటకు ఆన్‌లైన్‌లో తెరుస్తారు. బ్యాడ్మింటన్ లాంటివి నిమిషాల్లో నిండిపోతాయి. విద్యార్థి నంబరు, ఐబ్యాన్ అనే బ్యాంకు ఖాతా నంబరు చేతిలో పెట్టుకుని ముందే కూర్చోవాలి. ఖాతా ఇంకా తెరవనివాళ్లకు ఆ అవకాశం అక్కడే జారిపోతుంది. క్రికెట్ ఆడేవాళ్లకు చాలా ఊళ్లలో క్లబ్బులున్నాయి, ఆటగాళ్లలో ఎక్కువమంది మన ఉపఖండంవాళ్లే. అయినా మా సలహా, వారంలో ఒక్క పనైనా తెలుగువాళ్లు లేనిచోట చేయమని. ఇందిరానగర్ మాక్స్ ముల్లర్ భవన్‌లో పరీక్ష రాసి తెచ్చుకున్న, జర్మన్‌లో తొలి మెట్టయిన ఏ1 సర్టిఫికెట్ వీసా ఫైల్లోనే ఉండిపోతే, ఇంగ్లీషులో చదువు, తెలుగులో కాపురం అయి, రెండేళ్లకు ఉద్యోగం వెతికేటప్పుడు భాష కొరత బయటపడుతుంది.

ఊళ్లు తిరగడానికి డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ ఉంది. 2023 మేలో 49 యూరోలతో మొదలై 2026 జనవరి నుంచి 63 అయింది. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఇది అరవై శాతం ధరకే సెమిస్టర్ ఫీజులో కలిసి వస్తుంది. సిటీ బస్సులు, ట్రాములు, మెట్రోలు, ప్రాంతీయ రైళ్లు దేశమంతా ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ, ఈసీ అనే దూరప్రాంత రైళ్లకు మాత్రం చెల్లదు. ప్లాట్‌ఫారం మీద ముందొచ్చిందని ఐసీఈ ఎక్కేసినవాళ్లు టికెట్ లేనివాళ్ల కిందే లెక్క, జరిమానా కనీసం 60 యూరోలు. మ్యూనిక్‌లోని పినకోతెక్ చిత్రశాలల్లో ఆదివారం శాశ్వత ప్రదర్శన టికెట్ ఒక్క యూరోనే. సైకిలు కొంటే ముందూ వెనకా లైట్లుండాలి, లేకుంటే 20 యూరోలు. తొక్కుతూ ఫోన్ చేత్తో పట్టుకుంటే 55.

సినిమాల దగ్గర జాగ్రత్త. పెద్ద ఊళ్లలో మన సినిమాలు వారాంతాల్లో ఒకటి రెండు ఆటలు పడతాయి, టికెట్ కొని చూడటమే మేలు. టొరెంట్ జోలికి మాత్రం పోకూడదు. అందులో డౌన్‌లోడ్ అవుతున్నంతసేపూ మన కంప్యూటర్ అవే ముక్కలను ఇతరులకు పంపుతూ ఉంటుంది. అది సినిమాను పంచినట్టే కాబట్టి హక్కుదారుల లాయర్లు ఇంటర్నెట్ చిరునామా పట్టుకుని ఉత్తరం పంపుతారు. అడిగేది వందల యూరోలు, వచ్చేది కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వాళ్లకు. అలాంటి ఉత్తరం వస్తే పారేయకూడదు, కంగారుగా సంతకమూ పెట్టకూడదు. యూనివర్సిటీ విద్యార్థి సంఘంలో న్యాయ సలహా దొరుకుతుందేమో వెంటనే అడగాలి.

డబ్బు లెక్క క్లుప్తంగా. బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు చేతికొచ్చేది 992 యూరోలు. అందులో ఆరోగ్య బీమా దాదాపు 150, రేడియో టీవీ చందా ఇంటికి 18.36. టీవీ లేకున్నా కట్టాలి. ముగ్గురు ఒకే ఇంట్లో ఉంటే ముగ్గురికీ కలిపి ఒక్కటే, ఒకరు కడుతున్న చందా నంబరు మిగతావాళ్లు రాసి పంపాలి. పార్ట్‌టైమ్ పని ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు. బిర్యానీ వండి అమ్మడం లాంటి సొంత వ్యాపారం ఈ లెక్కలోకి రాదు, దానికి విదేశీయుల కార్యాలయం అనుమతి వేరే కావాలి. ఒకసారి వాడి పారేసే నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకు డబ్బాల మీద 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది, ఖాళీవి దుకాణంలోని మెషిన్‌లో వేస్తే తిరిగొస్తుంది. నలిపితే, లేబుల్ చింపితే మెషిన్ తీసుకోదు. అసలు కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసాలు మోయనక్కర్లేదు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. బెంగళూరులో రాత్రి పదిన్నర అంటే చలికాలంలో అక్కడ సాయంత్రం ఆరు, సరిగ్గా ఆటకో, భాష క్లాసుకో బయల్దేరే వేళ. రోజూ ఆ గంటకే వీడియో కాల్ అంటే పిల్లవాణ్ని మనమే గదిలో కట్టేసినట్టు. ఆదివారం మన సాయంత్రం నాలుగున్నరకు, అక్కడ మధ్యాహ్నం, తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. అయినా వారాల తరబడి నిద్ర, తిండి తప్పి ఎవరితోనూ కలవకపోతే హాస్టళ్లు నడిపే విద్యార్థి సేవా సంస్థలోనే మానసిక సలహా విభాగం ఉంటుంది. చాలాచోట్ల ఉచితం, ఇంగ్లీషులోనూ మాట్లాడతారు.

మీ పేజీలో ఇలాంటి సంగతులు రాష్ట్రాలవారీ దుకాణాల వేళలతో, సెలవుల పట్టికతో ఏటా ఒకసారి వేయగలరేమో చూడండి. ఆగస్టులో వేస్తే మంచిది. సెప్టెంబరు ఆఖరుకు చాలామంది పెట్టెలు సర్దేసి ఉంటారు.

ఇట్లు
జర్మన్ నేర్పే ఇద్దరు తెలుగు ఉపాధ్యాయులు,
బెంగళూరు