ల్యాబ్ పరికరాల వెనకున్న ల్యాన్ పోర్టును వాడనివ్వండి

సంపాదకులకు,

పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కళాశాలల ఎలక్ట్రానిక్స్ ల్యాబుల్లో ఉన్న డిజిటల్ ఆసిలోస్కోపులు (సిగ్నల్ ఎలా మారుతోందో తెర మీద గీతగా చూపే స్కోపులు) చాలావాటికి వెనకవైపు నెట్‌వర్క్ కేబుల్ పెట్టే ల్యాన్ పోర్టు ఉంటుంది. అది దుమ్ము కొట్టుకుపోతుంటే, విద్యార్థులు రికార్డు కోసం తెరను ఫోన్‌తో ఫొటో తీసుకుంటుంటారు. ఆ ఫొటోలో వేవ్‌ఫామ్ బొమ్మ ఉంటుందిగానీ లెక్క కట్టడానికి అంకెలు ఉండవు. ఈ పరికరాలను ఒకే తీరుగా నెట్‌వర్క్‌కు కలిపేందుకు పరికరాల తయారీదారుల ఎల్ఎక్స్ఐ కన్సార్టియం 2004లోనే ఏర్పడింది, మరుసటి ఏడాదే ప్రమాణం వెలువడింది. అయినా ఇది కంపెనీ ఇంజినీరు వస్తే తప్ప కాని పని అని చాలాచోట్ల వదిలేస్తున్నారు. ఎనిమిది పోర్టుల మామూలు స్విచ్, క్యాట్ 5ఈ కేబుళ్లు ఉంటే ఒక పూటలో తేలే పని ఇది.

పరికరాలు సాధారణంగా డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్ అడ్రసును రౌటర్ నుంచి అడిగి తీసుకునే పద్ధతి) ఆన్‌లో ఉండి వస్తాయి. అడ్రసు ఇచ్చే రౌటర్ లేకపోతే కాసేపు ఎదురుచూసి 169.254తో మొదలయ్యే అడ్రసును తామే పెట్టుకుంటాయి (దీన్నే ఆటో ఐపీ అంటారు). తెర మీద ఆ అంకె కనిపిస్తే పరికరం చెడిపోయిందని కాదు, అడ్రసు ఇచ్చేవాళ్లు దొరకలేదని అర్థం. అది ఎప్పుడైనా మారిపోవచ్చు కాబట్టి ల్యాబులో మనం చేత్తో ఇచ్చే, మారని స్టాటిక్ అడ్రసే మేలు. యుటిలిటీ మెనూలో ఐఓ లేదా ల్యాన్ సెట్టింగులకు వెళ్లి డీహెచ్‌సీపీ, ఆటో ఐపీ రెండూ ఆపి అడ్రసు ఇవ్వాలి. సబ్‌నెట్ మాస్క్ (ఏ అడ్రసులు ఒకే నెట్‌వర్క్‌లోవో చెప్పే అంకె) 255.255.255.0. బయటికి దారి అక్కర్లేని నెట్‌వర్క్ కనుక గేట్‌వే 0.0.0.0గా వదిలేయొచ్చు. చివర అప్లై నొక్కడం మరిచిపోతే పాత అడ్రసే ఉండిపోతుంది. కొన్ని మోడళ్లను ఆపి మళ్లీ ఆన్ చేయాలి కూడా.

అడ్రసు ఎంపికలోనే అసలు చిక్కు. అందరికీ నోట్లో నానే 192.168.1 వరసను వాడకండి. చాలా వైఫై రౌటర్లదీ అదే వరస. ల్యాప్‌టాప్ వైఫైకి కూడా అదే ఉంటే స్కోపుకు వెళ్లాల్సిన ప్యాకెట్లు గాల్లోకి పోతాయి, కేబుల్ మీద నింద పడుతుంది. 192.168.50 లాంటి వరస తీసుకుని కంప్యూటర్లకు 11 నుంచి, స్కోపులకు 101 నుంచి, పవర్ సప్లైలకు 201 నుంచి కేటాయించుకోవచ్చు. ఏడో బల్ల మీది స్కోపుకు 107 ఇస్తే వెతుక్కునే పనుండదు. రెండింటికి ఒకే అడ్రసు పడితే ఒకసారి పలికి ఒకసారి పలకని జబ్బు మొదలవుతుంది. అనుమానం వస్తే ఒక పరికరం కేబుల్ పీకేసి, ఆ అడ్రసుకు కంప్యూటర్ నుంచి పింగ్ (పలుకుతోందా అని అడిగే కమాండ్) కొట్టి చూడండి. ఇంకా జవాబు వస్తుంటే రెండోది ఎక్కడో ఉన్నట్టే.

పింగ్ వస్తోంది, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం పరికరం కనిపించడం లేదన్న ఫిర్యాదు ఎక్కువగా వినిపిస్తుంది. గేట్‌వే లేని ఇలాంటి నెట్‌వర్క్‌ను విండోస్ 'గుర్తించని నెట్‌వర్క్'గా, అంటే పబ్లిక్‌గా లెక్కేసి, ఫైర్‌వాల్‌ను బిగిస్తుంది. దానివల్ల పరికరాలను తనంతట తాను వెతికే సదుపాయం పనిచేయదు. అడ్రసును చేత్తో ఇస్తే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. ప్రోగ్రామ్ నుంచి నేరుగా సాకెట్ ద్వారా పరికరానికి కమాండ్లు పంపాలంటే పోర్టు నంబరు (కేబుల్ పెట్టే పోర్టు కాదు, సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చే అంకె) సరిగ్గా ఉండాలి: కీసైట్, రోడే అండ్ ష్వార్జ్ పరికరాల్లో సాధారణంగా 5025, రిగోల్ స్కోపుల్లో 5555, టెక్ట్రానిక్స్ స్కోపుల్లో చాలావాటికి 4000. కమాండ్ చివర న్యూలైన్ లేకపోతే వాక్యం ఇంకా పూర్తికాలేదనుకుని పరికరం మౌనంగా కూర్చుంటుంది, ఇటు ప్రోగ్రామ్ టైమ్ అవుట్ అంటుంది. మొదట '*' తర్వాత ఐడీఎన్, ప్రశ్నార్థకం (*IDN?) పంపి చూడాలి. కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు తిరిగొస్తే దారి కుదిరినట్టే.

ఒక హెచ్చరిక. ఈ స్విచ్‌ను క్యాంపస్ నెట్‌వర్క్‌కు, వైఫైకి కలపొద్దు. ఆ సాకెట్ పోర్టుకు సాధారణంగా పాస్‌వర్డ్ ఉండదు. హాస్టల్ గదిలోంచి ఎవరైనా పవర్ సప్లైని 5 వోల్టుల నుంచి 30కి పెంచగలిగితే బల్ల మీద ఉన్న బోర్డు మాడిపోతుంది. లోపల పాత విండోస్ నడిచే పరికరాలకైతే వైరస్ భయం అదనం.

రెండు రాష్ట్రాల సాంకేతిక విద్యామండళ్లు, విశ్వవిద్యాలయాలు మెజర్మెంట్స్ ల్యాబు ప్రయోగాల్లో దీనికి ఒక్క మూడు గంటల తరగతి చోటివ్వాలి. అడ్రసు పెట్టడం, పింగ్, ఆ తర్వాత పైథాన్‌తో ఆర్‌సీ (రెసిస్టర్, కెపాసిటర్) సర్క్యూట్ వేవ్‌ఫామ్‌ను తెచ్చుకుని టైమ్ కాన్‌స్టంట్ లెక్కగట్టడం ఆ మూడు గంటల్లో పట్టేస్తాయి. కొత్త కొనుగోలుకు పైసా అక్కర్లేని చోట్లు చాలానే ఉన్నాయి.

ల్యాబ్ బాధ్యులకు మరో మాట. ఎల్ఎక్స్ఐ పరికరాల్లో ల్యాన్ రీసెట్ నొక్కితే డీహెచ్‌సీపీ మళ్లీ ఆన్ అవుతుంది. రిపేరుకో క్యాలిబ్రేషన్‌కో వెళ్లొచ్చిన స్కోపు కూడా సెట్టింగులు మారి రావచ్చు. అందుకని అడ్రసును పరికరం ముందువైపు స్టిక్కరు మీద, మ్యాక్ అడ్రసుతో (పరికరానికి తయారీలోనే ఇచ్చే నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్యతో) కలిపి స్టాక్ రిజిస్టర్‌లోనూ రాసి ఉంచండి.

– ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్, కాకినాడ