కరుయిజావా టేస్టింగ్ రద్దు, డబ్బులు వెనక్కి పంపేశాను

నెలాఖరు శనివారం సింగపూర్‌లో మన బార్‌లో పెట్టుకున్న కరుయిజావా (జపాన్‌లో మూతపడిన డిస్టిలరీ విస్కీ) టేస్టింగ్ జరగదు. అర పెగ్గు చొప్పున ముందే డబ్బు కట్టిన అందరికీ మొత్తం తిరిగి పంపేశాను. "అనివార్య కారణాల వల్ల" అని రాసి ఊరుకోవచ్చు. కానీ బార్ తెరిచినప్పటి నుంచీ వస్తున్నవాళ్లు మీరు, జరిగింది జరిగినట్టు చెప్పాలి.

సీసా వచ్చింది. అసలు రాకపోయినా ఇంత బాధపడేవాణ్ణి కాదు. సప్లయర్ పంపిన ఫొటోల్లో లేబుల్ మీద పీపా నంబరు, సీసా నంబరు రెండూ స్పష్టంగా ఉన్నాయి. నేను డబ్బు కట్టింది ఆ సీసాకి. పెట్టె విప్పితే పీపా నంబరు అదే, సీసా నంబరు వేరు. మందు సీసా భుజాల కిందికి దిగి ఉంది. మూత తొడుగు అంచు మీద వేలు పెడితే జిగురు తగిలింది. ఫోన్ చేస్తే ఆయన సమాధానం: "ఒకే పీపాలో మందే కదా, నంబరు ఏదైతే ఏంటి?"

మామూలు విస్కీ అయితే కంపెనీకి ఒక మెయిల్ కొడితే వాళ్లే తేలుస్తారు. దీనికి ఎవరికి కొట్టాలి? జపాన్‌లో నగానో ప్రాంతంలో, అసామా అగ్నిపర్వతం పక్కన 1955లో పెట్టిన చిన్న డిస్టిలరీ అది. గోల్డెన్ ప్రామిస్ అనే రకం బార్లీ, చిన్న స్టిల్స్ (విస్కీ కాచే పాత్రలు), ఎక్కువగా షెర్రీ వైన్ పీపాలు. 2000లో కాచడం ఆపేశారు. మిగిలిన 364 పీపాలను 2011లో నంబర్ వన్ డ్రింక్స్ కంపెనీ కొనేసింది. 2016లో కట్టడాలు కూడా కూల్చేశారు. 1960లో కాచిన ఒక పీపాలోంచి 41 సీసాలే దిగాయి. వాటిలో ఒకటి 2020లో సోథెబీస్ వేలంలో 3,63,000 పౌండ్లకు పోయింది. ఇలాంటి ధరలు పలికేచోట ఖాళీ సీసాలకూ బేరాలుంటాయి, వేరే మందు నింపి అమ్మడానికే అని మీకు చెప్పక్కర్లేదు. సీసా నంబరే దాని జాతకం. ఏ వేలంలో అమ్మారు, అప్పుడు మట్టం ఎంతుంది అన్నదంతా ఆ నంబరుతోనే పోల్చుకోవాలి. నా చేతికొచ్చిన నంబరుకి ముందూ వెనకా ఏమీ దొరకలేదు.

నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఒకటే: తెరవాలా, వద్దా? తెరిస్తే ఒక్క గుటకలో తెలిసిపోవచ్చు. ఈ కౌంటర్ మీద ఇదివరకు పోసిన కరుయిజావా నాకు బాగా గుర్తుంది: ఎండు ద్రాక్ష, జిగురు కారే చెక్క వాసన, చివర్లో కాస్త గంధకం. కానీ సీలు తీస్తే వాపసు మాటే ఉండదు. తీయకపోతే అది అసలుదో కాదో ఎప్పటికీ తెలీదు, ఒకవేళ అసలుదే అయితే చేతికొచ్చిన దాన్ని నేనే సాగనంపినట్టు. మా ఆవిడ "తెరిచేయండి, తేలిపోతుంది" అంది. మీలో ఒకరైతే "అన్నా, పోతే మా డబ్బే కదా, తెరువు" అన్నారు. అదిగో, ఆ మాటకే నాకు మొండితనం వచ్చింది. అనుమానంతో పోసిన గ్లాసు మీ ముందు పెట్టి, మీ మొహాలు చూస్తూ నిలబడటం నా వల్ల కాదు. బాగుందని మీరన్నా నేను నమ్మను. తెరవలేదు, వెనక్కి పంపేశాను.

బదులుగా సప్లయర్ హన్యూ అనే ఇంకో జపాన్ విస్కీ ఇస్తానన్నాడు. ఇచ్చేది చూస్తే కొత్త హన్యూ! అదీ 2000లోనే ఆగిన డిస్టిలరీ, 2021లో అదే పేరుతో మళ్లీ మొదలైంది. మంచి విస్కీయే కావచ్చు, దాని మీద నాకేం కోపం లేదు. పేక ముక్కల లేబుళ్లతో వచ్చిన పాత హన్యూ కోసం పడిగాపులు పడేవాళ్లకి దాన్ని పోసి, "పేరు ఒకటేగా" అనమంటాడా నన్ను?

నా డబ్బు ఆయన దగ్గర్నుంచి ఇంకా రాలేదు. అది నేనూ ఆయనా తేల్చుకుంటాం, మీకు టెన్షన్ అక్కర్లేదు. ఇక నుంచి పాత సీసా ఏదైనా సరే, నేను స్వయంగా చేత్తో పట్టుకుని చూశాకే కొంటాను. దానివల్ల ఆలస్యమవుతుంది, ధర కూడా కొంచెం పెరగొచ్చు. ఇప్పటికే తెరిచి ఉన్న సీసాల ధరలు మార్చలేదు.

"మా డబ్బు అలాగే ఉంచు, ఇంకో సీసాకి పనికొస్తుంది" అన్నవాళ్లకి కూడా పంపేశాను. దయచేసి మళ్లీ నాకు వేయకండి. సీసా దొరికిన రోజు నేనే అడుగుతాను.