బోరు నీళ్ల రిపోర్టు ట్యాంకు గోడ మీద రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది మహారాష్ట్రలో యవత్మాల్ జిల్లా. పెన్‌గంగ దాటితే ఆదిలాబాద్. బస్టాండు ముందర నాది టిఫిన్ బండి. రోజూ పది పన్నెండు బిందెల నల్లా నీళ్లు వాడతాను, నీళ్లు మారితే ముందు నాకే తెలుస్తుంది.

శివరాత్రి దాకా మాకు పాత బావి నీళ్లొస్తాయి. బావి అడుగంటగానే లోతు బోర్లు కలుపుతారు. ఆ రోజు నుంచి సాంబారు పప్పు ఎంతసేపు ఉంచినా పలుకుగానే ఉంటుంది. ఇడ్లీ గిన్నె లోపల తెల్లటి పెచ్చు కడుతుంది, చింతపండు పెట్టి గట్టిగా తోమితేగాని ఊడదు. ఇదంతా కంటికి కనిపించేది. నా భయం కనిపించని దాని గురించి.

మా మనవడికి ఎనిమిదేళ్లు. కొత్తగా వచ్చిన ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమ రంగు గీతలు. సరిగ్గా తోమట్లేదని వాణ్ణి రెండుసార్లు కొట్టాను. పళ్ల డాక్టరు చూసి, ఇవి తోమితే పోయేవి కావు, పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఇలా వస్తాయి అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు. కాచినా పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా ఎక్కువవుతుంది. మా వీధిలో తల్లులు కాచి చల్లార్చి తాగిస్తున్నాం కదా అని ధైర్యంగా ఉన్నారు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకకపోతే 1.5 దాకా అని మన దేశపు ప్రమాణం. మా బోర్లలో ఎంతుందని నీళ్లు వదిలే ఆఫీసువాళ్లను అడిగితే "రిపోర్టు ఫైల్లో ఉందమ్మా" అన్నారు. ఫైల్లో ఉంటే ఆ తల్లులకెలా తెలుస్తుంది?

పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు, తయారుచేసింది నాగపూర్‌లోని నీరీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ. ఆ రెండు ఊళ్ల మధ్యే ఉన్నాం మేము. దానికి డబ్బు, మనుషులు కావాలి, టైం పడుతుందంటే ఒప్పుకుంటాను. గోడ మీద రాయడానికి ఏం కావాలి? ఏ బోరులో ఎంతుందో, ఏ తారీఖున పరీక్ష చేశారో మరాఠీలో, తెలుగులో రాయండి. ఎక్కువున్న బోరుకు ఎర్ర రంగు వేయండి. తక్కువున్న బోరు దగ్గర ఒక్క నల్లా పెట్టండి, తాగే నీళ్లు మేమే మోసుకుంటాం.

ఇంట్లో ఏడాది దాటిన మనవరాలుంది. దానికి ఏ బోరు నీళ్లు పట్టాలో ఈ ఎండాకాలం లోపే నాకు తెలియాలి.

– ఒక పాఠకురాలు, యవత్మాల్ జిల్లా