ఆ హుండీ సంగతి

ఒరేయ్ శీనూ,

ఫోన్‌లో చెబితే సరిగ్గా చెప్పలేనని రాస్తున్నా. పోయిన నెల ఇక్కడ మిషిగన్‌లోనే ఓ పాత సామాన్ల కొట్టుకెళ్లాం. మీ చెల్లెమ్మ గిన్నెలు చూసుకుంటుంటే మా చిన్నది ఓ అద్దాల బీరువా దగ్గర ఆగిపోయింది. లోపల పోత ఇనుముతో చేసిన హుండీ. నల్లజాతి మనిషి తల, భుజాలు, ఎర్ర చొక్కా, మొహమంతా పెదాలే. కొట్టాయన దాన్ని బయటికి తీసి, అరచేతిలో పైసా పెట్టి వెనక మీట నొక్కాడు. చెయ్యి లేచి పైసా నోట్లో వేసింది, నాలుక లోపలికి పోయింది, కనుగుడ్లు గిర్రున తిరిగాయి. చిన్నది పకపకా నవ్వేసి "నాన్నా, ఇంకోసారి!" అంది.

నాకు గుండె జారిపోయిందిరా. ఆ నవ్వు కోసమే కదా దాన్ని చేసింది.

ఇంటికొచ్చి వెతికితే, 1882లో బఫెలో ఊళ్లో షెపర్డ్ హార్డ్‌వేర్ అనే కంపెనీ దానికి పేటెంటు తీసుకుందని తెలిసింది. దాని పేరులోనే నల్లవాళ్లని తిట్టే మాట ఉంది, నేను రాయను. ఇప్పటికీ నకళ్లు పోసి అమ్ముతూనే ఉన్నారు. అన్నీ కరిగించి పారేయాలనిపించింది.

తర్వాత బిగ్ రాపిడ్స్ అనే ఊరు వెళ్లాను. అక్కడ ఫెర్రిస్ స్టేట్ యూనివర్సిటీలో, నల్లవాళ్లని వెక్కిరించే ఇలాంటి వస్తువులే పెట్టిన జిమ్ క్రో మ్యూజియం ఉంది. దాన్ని పెట్టిన డేవిడ్ పిల్‌గ్రిమ్ నల్లజాతి ప్రొఫెసర్. చిన్నప్పుడు అలబామాలో ఇలాంటి బొమ్మే ఒకటి కొని, అక్కడికక్కడే నేలకేసి కొట్టాడట. అలా పగలగొట్టిన పిల్లాడే పెద్దయ్యాక ఏళ్ల తరబడి ఏరి, 1996లో రెండు వేలకు పైగా వస్తువులు యూనివర్సిటీకి ఇచ్చేశాడు! ఎందుకో అక్కడ నిలబడితే గానీ నాకు అర్థం కాలేదు. కొట్టులో హుండీ పక్కన ధర చీటీ ఒక్కటే ఉంది. మ్యూజియంలోనైతే అలాంటి బొమ్మలున్న చోటే "తెల్లవాళ్లకు మాత్రమే" అన్న బోర్డులూ కనిపిస్తాయి. జిమ్ క్రో అన్నది అసలు 1830లలో ఓ తెల్ల నటుడు మొహానికి మసి పూసుకుని జనాన్ని నవ్వించిన వేషం పేరు. నల్లవాళ్లని వేరే స్కూళ్లలో, వేరే సీట్లలో కూర్చోబెట్టిన చట్టాలకి చివరికి ఆ పేరే వచ్చింది. నవ్వు ఎంత దూరం వెళ్లిందో చూడు. ఆ బొమ్మల్ని కరిగించేస్తే, మేం ఎప్పుడు నవ్వాం అంటారు రేపు.

తిరిగొచ్చేటప్పుడు మూడు గంటల డ్రైవింగ్‌లో ఏడో తరగతే గుర్తొచ్చింది. మన వెనక బెంచీ వాడు క్లాసులోకి రాగానే "బొగ్గు బస్తా వచ్చింది" అని నువ్వో నేనో అనేవాళ్లం, క్లాసంతా గొల్లుమనేది, వాడు కూడా నవ్వేవాడు. ఎందుకు నవ్వేవాడో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించలేదురా మనం.

వాడి నంబరు నీ దగ్గరుంటే పంపు. లేకపోతే మన బ్యాచ్‌లో ఎవరినైనా అడుగు.

నీ,
రాంబాబు