ఆ "తత్సమాన అర్హత" ఏందో నోటిఫికేషన్‌లోనే చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను అశోక్‌నగర్‌లో జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుతున్న, పద్నాలుగేండ్లయితుంది. గ్రూప్స్ అయినా, డీఎస్సీ అయినా, గురుకులం అయినా నోటిఫికేషన్ పడిందంటే ఆ వారం రాత్రి పదకొండు దాకా షట్టర్ దించను, చిక్కడపల్లి లైబ్రరీ నుంచి పిల్లలు నేరుగా మా దగ్గరికే వస్తరు. ఫొటో సైజు, సంతకం స్కానింగ్, లోకల్ స్టేటస్, ఏది అడిగినా చెప్పగలుగుత. ఒక్కటే చెప్పలేను. అన్నా, ఇందులో "లేదా తత్సమాన అర్హత" అని ఉంది కదా, నా డిగ్రీ దాని కిందికి వస్తదా రాదా అని అడుగుతరు. దాని గురించే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైనా వేసుకోగలరు.

ముందు మా చెల్లె సంగతి చెప్త. ఎమ్మెస్సీ అప్లైడ్ మ్యాథమెటిక్స్ చేసింది, మంచి పర్సెంటేజే. ఒక లెక్చరర్ పోస్టుకు ఎమ్మెస్సీ మ్యాథమెటిక్స్ లేదా తత్సమానం అని ఉంటే అప్లై చేసింది, ఫారం నేనే నింపిన. ఆన్‌లైన్‌లో ఎక్కడా అడ్డం రాలే, ఫీజు కట్టించుకున్నరు, హాల్‌టికెట్ ఇచ్చిన్రు, పరీక్ష రాసింది, మెరిట్‌లో నంబర్ వచ్చింది, ఇంట్ల అమ్మ స్వీట్లు కూడా పంచింది. తర్వాత సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి పిలిచిన్రు. నన్ను గేటు దగ్గరే ఆపిన్రు కాబట్టి లోపల జరిగింది చెల్లె చెప్పిందే చెప్తున్న. టేబుల్ అవతల సారు ఒరిజినల్స్ ఒక్కొక్కటి ప్లాస్టిక్ కవర్ల నుంచి తీసి చూసుకుంట వచ్చి పీజీ మెమో దగ్గర ఆగిండట, "అప్లైడ్" అనే మాట కింద పెన్సిల్‌తోని గీత గీసి, రెండు చదువులూ సమానమే అని చెప్పే ఈక్వివలెన్సీ సర్టిఫికెట్ ఏదమ్మా అన్నడట. లేదు సార్ అంటే చెక్‌లిస్ట్ మీద పెండింగ్ అని రాసి, పది రోజులల్ల తెచ్చియ్యమన్నడు.

ఆ పది రోజులు మేం తిరిగిన తిరుగుడు మాకే తెలుసు. యూనివర్సిటీకి పోతే, మేం ఇచ్చే ఈక్వివలెన్సీ పై చదువుల అడ్మిషన్ కోసం, ఉద్యోగానికి పనికొస్తదా లేదా అనేది ఉద్యోగం ఇచ్చేటోళ్లే తేల్చాలె అన్నరు. మళ్లీ వెరిఫికేషన్ చేసినోళ్ల దగ్గరికి పోతే, మాదేం లేదు యూనివర్సిటీ రాసిస్తే చూస్తం అన్నరు. ఇటు నాలుగు సార్లు, అటు నాలుగు సార్లు. ఆఖరికి ఎవరో పుణ్యాత్ముడైన సూపరింటెండెంట్ రెండు కోర్సులూ ఎమ్మెస్సీ స్థాయివే అని ఒక కాగితం రాసిచ్చిండు, తీసుకపోయి ఇచ్చినం, రిసీవ్డ్ అని స్టాంప్ కొట్టిచ్చిన్రు. ఫైనల్ లిస్టుల పేరు లేదు. ఎందుకు లేదో ఒక్క లైన్ కూడా రాయలే.

ఆ రోజు రాత్రి షాపుల కూసోని, చెల్లె మెమోని, ఎమ్మెస్సీ మ్యాథమెటిక్స్ చదివిన వాళ్ల ఫ్రెండ్ మెమోని పక్కపక్కన పెట్టి చూసిన. నాకు లెక్కలు రావు, కానీ పేపర్ల పేర్లు చదువుడు వచ్చు. అల్జీబ్రా, రియల్ అనాలిసిస్, టోపాలజీ, కాంప్లెక్స్ అనాలిసిస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, మొదటి సంవత్సరం మొత్తం ఒకే పేర్లు, ఒకే లెక్చరర్లు చెప్పిన క్లాసులు, చాలా పేపర్లకు ఇద్దరూ ఒకే రూముల కూసోని పరీక్ష రాసిన్రు. రెండో సంవత్సరంల తేడా ఉంది, ఉందనే అంటున్న. ఆ తేడా వల్ల ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పలేదా అనేది తెలిసినోళ్లు సిలబస్ ముందు పెట్టుకొని తేల్చాల్సిన విషయం, ఒక మాట కింద పెన్సిల్ గీతతోని తేలేది కాదు.

ఇది కొత్త గొడవ కూడా కాదు. 1956లో హైదరాబాద్ రాష్ట్రం ఆంధ్రతో కలిసినప్పుడు ఇక్కడి ఇంజనీరింగ్ శాఖల సూపర్‌వైజర్ల సర్వీసు పంచాయితీ సుప్రీంకోర్టు దాకా పోయింది, మహమ్మద్ షుజాత్ అలీ కేసు అంటరు, 1974ల తీర్పు వచ్చింది. ఏ చదువు దేనికి సమానం అనేది టెక్నికల్ విషయం, నిపుణుల కమిటీ చూసి చెప్తే దాన్ని ప్రభుత్వం ఒప్పుకుంటే కోర్టులు ఊరికే వేలు పెట్టవు అని అందులో చెప్పిన్రు. అంటే బాధ్యత ప్రభుత్వం మీదనే పెట్టిన్రు. యాభై ఏండ్లు దాటినా ఆ బాధ్యత సర్టిఫికెట్లు పట్టుకొని తిరిగే పిల్లల నెత్తిన ఉండుడు ఏం న్యాయం?

ఇంకో అపోహ చాలామందికి ఉంటది, పెద్ద చదువు ఉంటే చిన్న చదువు ఉన్నట్టే కదా అని. బీటెక్ పిల్లలు డిప్లొమా పోస్టులకు అప్లై చేయమని నా దగ్గరికి వస్తనే ఉంటరు. కేరళ విద్యుత్ బోర్డుల సబ్ ఇంజనీర్ పోస్టులకు డిప్లొమా అడిగితే బీటెక్ వాళ్లకు అర్హత ఉందని సుప్రీంకోర్టు చెప్పింది, జ్యోతి కేసు. కానీ 2018ల జమ్మూకశ్మీర్ టెక్నీషియన్ పోస్టుల కేసు, జహూర్ అహ్మద్ రాథర్ కేసు, అందుల ఐటీఐ అడిగిన పోస్టుకు డిప్లొమా చెల్లదన్నది అదే కోర్టు. తేడా ఎక్కడంటే కేరళ సర్వీసు రూల్స్‌లనే కింది అర్హత ఇమిడి ఉన్న పై చదువు చెల్లుతదని రాసి ఉంది, జమ్మూకశ్మీర్‌ల అట్లాంటి రూల్ లేదు. మొత్తం రూల్ల ఏం రాసిన్రు అన్నదాని మీదనే ఉంది. టీచర్ల విషయం కూడా చూడండి, బీఈడీ వాళ్లు ప్రైమరీ స్కూల్ పోస్టులకు పనికొస్తరని టీచర్ల అర్హతలు నిర్ణయించే కేంద్ర సంస్థ ఎన్సీటీఈ 2018 జూన్‌ల నోటిఫికేషన్ ఇచ్చింది, 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చిన్న పిల్లలకు చెప్పే ట్రైనింగ్ వేరు అన్న తీర్పు సరైందే అని నేను కూడా అనుకుంటున్న, కానీ నడుమ ఐదేండ్లు ఆ నోటిఫికేషన్ నమ్ముకొని కోచింగ్‌లకు డబ్బులు పోసినోళ్లు ఎంతమంది ఉంటరో ఆలోచించండి.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. మన బీఎస్సీ అంటే మామూలుగా మూడు సబ్జెక్టులు, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ అట్ల. వేరే చాలా చోట్ల ఒకటే సబ్జెక్టు మీద ఆనర్స్ ఉంటది. కేంద్రం 2011ల తెచ్చిన ఫుడ్ సేఫ్టీ రూల్స్‌ల ఆఫీసర్‌కు బయోటెక్నాలజీలనో మైక్రోబయాలజీలనో డిగ్రీ ఉంటే చాలు, కెమిస్ట్రీ అయితే మాత్రం పీజీ ఉండాలె అని ఉంది. మరి మూడింట్ల ఒక సబ్జెక్టుగా బయోటెక్నాలజీ చదివిన మన పిల్లది బయోటెక్నాలజీ డిగ్రీ అయితదా? ప్రొవిజనల్ మీద ఉత్త బీఎస్సీ అనే ఉంటది, సబ్జెక్టులు మెమోలనే కనిపిస్తయి. డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్ దోస్త్‌ల కాలేజీ ఆప్షన్లు పెట్టే పదిహేడేండ్ల పిల్లకు ఈ కాంబినేషన్ తీసుకుంటే రేపు ఏ పోస్టుకు పనికొస్తదో చెప్పేటోళ్లు ఒక్కరు లేరు.

అర్హత లేనోళ్లకు ఉద్యోగం ఇయ్యమని నేను అంటలేను. ఎటు తేల్చినా సరే, అప్లికేషన్ కంటె ముందు తేల్చమంటున్న. తర్వాత తేలిస్తే రెండు దిక్కులా నష్టమే, అప్లై చేసినోళ్లు రెండేండ్లు పోగొట్టుకుంటరు, ఇక నాది చెల్లదేమో అని భయపడి అప్లై చేయనోళ్లు, వాళ్లసొంటి డిగ్రీకే ఇంకొకరికి ఉద్యోగం వచ్చినంక తల కొట్టుకుంటరు. రిక్రూట్‌మెంట్ మొదలైనంక అర్హతలు నడుమల మార్చొద్దని సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచి కూడా 2024 నవంబర్‌ల చెప్పింది కదా. నడుమల మార్చుడు తప్పయితే నడుమల అర్థం చెప్పుడు కూడా తప్పే అని నా అభిప్రాయం.

అందుకని ప్రభుత్వాన్ని అడిగేది ఏందంటే, ఉన్నత విద్యామండలి ఉంది, యూనివర్సిటీలున్నయి, వాళ్లతోని ఒక పర్మనెంట్ కమిటీ పెట్టి ఏ పోస్టుకు ఏ ఏ కోర్సులు చెల్లుతయో పేర్లతో సహా జీవో ఇచ్చి నోటిఫికేషన్ వెనక అనుబంధంగా పెట్టండి. అందుల లేని కోర్సు చదివినోళ్లకు ఫీజు కట్టే ముందే పదిహేను రోజులు అడిగే అవకాశం ఇయ్యండి, జవాబు రాతపూర్వకంగ ఇయ్యండి, ఆ జవాబు మీదనే వెరిఫికేషన్‌ల నిలబడండి. ఉద్యోగాలకు అప్లై చేసే ముందు పబ్లిక్ సర్వీస్ కమిషన్ చేయించే వన్ టైమ్ రిజిస్ట్రేషన్‌ల మా పిల్లల చదువు వివరాలు ఎట్లాగూ తీసుకుంటున్నరు, అక్కడనే డిగ్రీ సబ్జెక్టులు కూడా ఎక్కించుకుంటే ఎవరి అర్హత ఏందో మొదట్లనే తెలుస్తది. తీసేస్తే ఎందుకు తీసేసిన్రో కారణం రాసియ్యండి.

చెల్లె కేసు వెయ్యలే, వకీలు ఫీజుకే భయపడ్డది. ఇప్పుడు ఇంట్లనే పొద్దున, సాయంత్రం ఇంటర్ పిల్లలకు అవే లెక్కలు చెప్తుంది.

మొన్న శనివారం ఇంకో పిల్లగాడు వచ్చిండు, నల్లగొండ దిక్కు నుంచి వచ్చి రూముల ఉండి చదువుకుంటున్నడు, లాస్ట్ డేట్ అదే రోజు. అన్నా, నాది చెల్లుతదా అని మెమో చేతుల పెట్టిండు. హెల్ప్‌లైన్‌కి మూడు సార్లు కొట్టినం, ఎత్తలే. రాత్రి తొమ్మిదింటికి ఫీజు కట్టి అప్లై చేసి పోయిండు.

— ఒక జిరాక్స్ షాపు నిర్వాహకుడు,
అశోక్‌నగర్, హైదరాబాద్