గాయపడిన క్రీడాకారిణికి కోచింగ్ దారి చూపండి
ఆట ఆగిపోయిన బాస్కెట్‌బాల్ క్రీడాకారిణులను కోచింగ్‌లోకి తీసుకురావాలన్న ఆలోచన మన దగ్గర కనిపించడం లేదు. అమెరికా క్రీడాకారిణి బెకీ హామన్‌నే చూడండి. అక్కడి మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో జట్లు కొత్త క్రీడాకారిణులను ఎంచుకునే 1999 డ్రాఫ్ట్‌లో ఆమెను ఏ జట్టూ ఎంచుకోలేదు. అయినా స్టార్‌గా ఎదిగారు. 2013లో మోకాలి గాయంతో ఆటకు దూరమైనప్పుడు శాన్ ఆంటోనియో స్పర్స్ పురుషుల జట్టు ప్రాక్టీసుకు వెళ్లి కూర్చునేవారు. మరుసటి ఏడాదే ఆ జట్టు ఆమెను అసిస్టెంట్ కోచ్‌గా తీసుకుంది. తర్వాత హెడ్ కోచ్‌గా డబ్ల్యూఎన్‌బీఏ జట్టు లాస్ వేగాస్ ఏసెస్‌కు 2022, 2023, 2025 టైటిళ్లు సాధించిపెట్టారు. మా ఊరి కోర్టు గట్టు మీద మోకాలికి పట్టీతో కూర్చునే ఓ సీనియర్ అమ్మాయి, పిల్లలు పాస్ తప్పినప్పుడల్లా కేకేసి సరిదిద్దుతుంది. ఆమెను లోపలికి పిలిచే నాథుడే లేడు. ఇలాంటివారిని క్రీడా ప్రాధికార సంస్థలు గౌరవ వేతనంతో సహాయ కోచ్‌లుగా తీసుకోవాలి, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్)లో కోచింగ్ డిప్లొమా ఖర్చూ భరించాలి.