జాబితా పంపను, ఇది చదువు

చిన్నోడా,

నీ మెయిల్ అందింది. అందరూ కులాసా అని రాశావు, సంతోషం. ఇక్కడ నేనూ బాగానే ఉన్నాను, పని మామూలే.

సోషల్ మీడియాలో వాడే ఇంగ్లీషు మాటలన్నీ అర్థాలతో ఓ జాబితా చేసి పంపమన్నావు. పంపను. నీ ఇంగ్లీషుకేం లోటు లేదు. సంపాదకీయాలు గడగడా చదివేస్తావు, కానీ ఒక పోస్టు కింద నాలుగు ముక్కల కామెంటు దగ్గరకొచ్చేసరికి ఆగిపోతున్నానంటున్నావు. అక్కడ అర్థాల జాబితా ఏం చేస్తుందిరా? ఆ మాట ఎవరు, ఎవరితో, ఏ గొంతుతో అన్నారో తెలియాలి.

ముందు మనవాళ్లు దాదాపు అందరూ తడబడే మాట: ట్రోల్. తెలుగులో ఫలానా హీరోను ట్రోల్ చేశారంటే ఎగతాళి చేశారని. ఇంగ్లీషులో మొదట్నుంచీ ఉన్న అర్థం వేరు. ఎదుటివాళ్లకు ఒళ్లు మండేలా కావాలనే ఓ పిచ్చి మాట విసిరి, వాళ్లు రెచ్చిపోతుంటే చూసి ఆనందించడం ట్రోలింగ్. కదిలే పడవ వెనక ఎర కట్టి లాగుతూ చేపలు పట్టడానికీ ఇదే పేరు. 1990ల్లో యూజ్‌నెట్ అనే పాతకాలపు ఇంటర్నెట్ చర్చావేదికలో ఈ మాట బాగా నలిగింది. 'డోంట్ ఫీడ్ ద ట్రోల్స్' అనే హెచ్చరిక కూడా ఆ కాలం నుంచి వస్తున్నదే, వాళ్లకు జవాబిచ్చి మేపకండి అని. ఈమధ్య పత్రికలు ఆన్‌లైన్ వేధింపులన్నిటికీ ఈ మాటే వాడేస్తున్నాయి కాబట్టి నీకు రెండు అర్థాలూ ఎదురవుతాయి. నువ్వు రాసేటప్పుడు మాత్రం సినిమాను జనం ఏకిపారేశారని చెప్పాలంటే 'రోస్టెడ్' అనో, 'మాక్డ్' అనో రాయి. ఒక పోస్టుకు లైకులు పదీపరకా ఉండి, కింద తిట్టే జవాబులు వందల్లో ఉన్నాయనుకో, దాన్ని 'రేషియోడ్' అంటారు.

ఎర అన్నాను కదా, ఆ కుటుంబం ఇంకా పెరుగుతోంది. శీర్షికతో ఊరించి నొక్కించేది క్లిక్‌బెయిట్. కోపం తెప్పించి, ఆ కోపంతోనే కామెంట్లు, షేర్లు రాబట్టేది రేజ్‌బెయిట్. 2025కు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు ఆ ఏటి మాటగా ఎంచుకున్నది దీన్నే. వీటిలో తేడా తెలిస్తే ఒక వీడియో నీ కుతూహలంతో ఆడుకుంటోందో, కోపంతో ఆడుకుంటోందో ఇంగ్లీషులో ఒక్క ముక్కలో చెప్పగలవు.

ఇలాంటి జంటలు నీ స్థాయికి బాగా పనికొస్తాయి. మిస్‌ఇన్ఫర్మేషన్, డిస్‌ఇన్ఫర్మేషన్ రెండూ తప్పుడు సమాచారమే. నిజమనుకుని అమాయకంగా ఫార్వర్డ్ చేసే పెద్దాయనది మొదటిది. అబద్ధమని తెలిసే దాన్ని తయారుచేసి వదిలినవాడిది రెండోది. అలాగే ఎకో ఛాంబర్, ఫిల్టర్ బబుల్. మనలా ఆలోచించేవాళ్లే చుట్టూ చేరి మన మాటే మనకు వినిపిస్తుంటే ఎకో ఛాంబర్. మన పాత క్లిక్కులు చూసి అల్గారిథం మనకు నచ్చేవే వడ్డిస్తుంటే ఫిల్టర్ బబుల్. ఈ రెండో మాటను 2011లో ఎలై పారిసర్ అనే రచయిత తన పుస్తకంతో జనంలోకి తెచ్చాడు. పరీక్షలో వ్యాసం రాస్తే ఇవి నిర్భయంగా వాడు.

మాటకు తోడుగా వచ్చే చిన్న మాటలు కూడా పట్టించుకోవాలి. నువ్వు మెయిల్లో 'బికేమ్ వైరల్' అని రాశావు. తప్పేం కాదు, కానీ ఎక్కువమంది 'వెంట్ వైరల్' అంటారు. 'ఆన్ ఇన్‌స్టాగ్రామ్' అనాలి, 'ఇన్' కాదు. ఫొటోకు అయితే 'ట్యాగ్ మీ ఇన్ ఇట్'. ఫీడ్‌కు 'స్క్రోల్ త్రూ'. డీపీ అన్నా బయట చాలామందికి అర్థం కాదు, ప్రొఫైల్ పిక్చర్ అను.

ఇక గొంతు సంగతి. ఎవరైనా పుర్రె బొమ్మ పెడితే కంగారు పడకు. నవ్వలేక చచ్చాను అని దాని భావం. కన్నీళ్లొచ్చేలా నవ్వే ముఖం ఉంది చూడు, 2015లో ఆక్స్‌ఫర్డ్ ఏటి మాటగా ప్రకటించింది ఆ బొమ్మనే. ఇప్పుడు కుర్రాళ్లు అది పెద్దవాళ్ల బొమ్మ అని పెదవి విరుస్తున్నారు! ఫుల్‌స్టాప్‌తోనూ పేచీయే. చాటింగులో 'ఓకే' అని రాసి చుక్క పెడితే చాలామంది చిన్నవాళ్లకు అది ముభావంగానో, కోపంగానో వినిపిస్తుంది. మా టీములో ఒకమ్మాయి మా మేనేజర్ నుంచి 'ఫైన్.' అని జవాబొస్తే నేనేం చేశాను అంటూ టెన్షన్ పడిపోతుంది. ఆయనకేమో చిన్నప్పుడు బళ్లో నేర్పిన వ్యాకరణం అంతే!

కొన్ని మాటలు మాత్రం గుర్తుపట్టడానికే ఉంచుకో, వాడకు. 'అన్‌అలైవ్' అలాంటిది. చావు, ఆత్మహత్య లాంటి మాటలు కనిపిస్తే యాప్ తమ వీడియోను తొక్కేస్తుందనే భయంతో పుట్టించుకున్న దొంగ మాట అది. దీన్ని తెచ్చి వ్యాసంలో పెడితే వెటకారంలా ఉంటుంది. కుర్రకారు యాస కూడా అంతే. 2022లో ఆక్స్‌ఫర్డ్ ఏటి మాటగా 3 లక్షలకు పైగా జనం ఓట్లేసి 'గాబ్లిన్ మోడ్'ను గెలిపించారు, ఎవరేమనుకున్నా సిగ్గుపడకుండా బద్ధకంగా, చిందరవందరగా ఉండటం అని. ఇప్పుడు దాన్ని ఎవరి నోటా పెద్దగా వినను. 2013లో అలాగే ఏటి మాటగా ఎంపికైన సెల్ఫీ మాత్రం నిఘంటువుల్లో స్థిరంగా కూర్చుంది. ఏది నిలుస్తుందో నాకైతే ముందుగా తెలియదు, అందుకే కొత్త మాటకు తొందరపడను. 'బ్రెయిన్ రాట్' (పనికిరాని వీడియోలు చూసి చూసి బుర్ర మొద్దుబారడం) అయితే మరీ విచిత్రం, 1854లో అమెరికన్ రచయిత థోరో రాసిన మాటను 2024లో టిక్‌టాక్ పిల్లలు మళ్లీ బతికించారు.

నీకు ఓ పని చెబుతాను. నీకు బాగా తెలిసిన విషయం, క్రికెట్టే అనుకో, దాని మీద ఇంగ్లీషు పోస్టు ఒకటి తీసుకుని కింద కామెంట్లు మెల్లగా చదువు. తెలియని మాట దొరికితే ఒంటరిగా రాసుకోకు, ఆ వాక్యం మొత్తం రాసుకో. పక్కనే అన్నవాడు కోపంగా ఉన్నాడా, సరదాకన్నాడా, వెక్కిరిస్తున్నాడా రాయి. విషయం నీకు ముందే తెలుసు కాబట్టి గొంతు పసిగట్టడం తేలిక. ఎటూ తేలని వాక్యాలు నాకు పంపు, ఆదివారం ఫోన్లో మాట్లాడుకుందాం.

నాన్నకు కొత్త ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి పెట్టు, మొన్న వీడియో కాల్లో కళ్లు చికిలించుకుని చూస్తున్నారు. అమ్మను అడిగానని చెప్పు.

అక్క